టాలీ కావాలి

మా మావయ్య కారెక్కితే ముందు పాటలు ఆగిపోతాయి. తర్వాత ఏసీ ఆగిపోతుంది. ఆ తర్వాత అద్దం దిగి, అందులోంచి మావయ్య తల బయటికెళుతుంది. కాకినాడ ఉక్కలో వెనకసీట్లో అత్తయ్యా పిల్లలూ చెమటలు కక్కుతుంటే, "ఒరేయ్, ఇంకోసారి మెల్లిగా తొక్కు" అంటాడు. తొక్కితే బ్రేకు కీచుమంటుంది. ఆయన మొహం వెలిగిపోతుంది. మన బండి పాడైందని తెలిసి అంత సంబరపడే బంధువు మీ ఇంట్లోనూ ఒకరుండే ఉంటారు.

ఓసారి అన్నవరం వ్రతానికి బయల్దేరాం. పిఠాపురం రాగానే బండి ఆపించి, దిగి, నాలుగు చక్రాలకీ దగ్గరగా అరచెయ్యి పెట్టి చూశాడు. ఏ చక్రం ఎక్కువ కాలుతోందో తేలేదాకా కదలనివ్వలేదు. మేం కొండెక్కేసరికి మా బ్యాచి వ్రతం అయిపోయింది. ఆ కోపం నాకింకా పోలేదు.

ఆయన మెకానిక్ కాదు. బ్యాంకులో క్యాషియర్‌గా చేసి రిటైరయ్యాడు. సాయంత్రం లెక్కలో పది రూపాయలు తగ్గితే కౌంటర్ కింద దూరి వెతికిన మనిషి. ఇప్పుడు కౌంటర్ లేదు, చుట్టాల కార్లున్నాయి.

షెడ్డువాడు "బ్రేకు ప్యాడ్లు అరిగిపోయాయండీ, మార్చేద్దామండీ" అంటే మనలాంటివాళ్ళం సరేనంటాం. మావయ్య అనడు. విప్పిన పాత ప్యాడ్లు వరసగా పరిపించి, ఏది ఏ చక్రానిదో, లోపలిదేదో బయటిదేదో సుద్దముక్కతో రాయిస్తాడు. జేబులోంచి స్టీలు స్కేలు తీస్తాడు. కొత్త ప్యాడు మందం పదీ పన్నెండు మిల్లీమీటర్లుంటుంది, మూడుకి దిగితే మార్చెయ్యాలి. "బయటిది ఆరు, లోపలిది రెండు. మిగతా నాలుగూ ఏదీ?" అని హెల్పర్ కుర్రాణ్ణి నిలదీస్తాడు. ఆ నాలుగు మిల్లీమీటర్లూ వాడే జేబులో వేసుకున్నట్టు బిక్కమొహం వేస్తాడు పాపం.

విసుగొస్తుంది గానీ ఆ ప్రశ్న న్యాయమైనదే. మన చిన్న కార్లలో చాలావాటికి ముందు చక్రం దగ్గర ప్యాడ్లని పట్టి ఉంచే కాలిపర్‌లో పిస్టన్ ఒక్కటే, అదీ లోపలివైపు. అది లోపలి ప్యాడుని డిస్కుకి నొక్కుతుంది. ఆ ఒత్తిడికి కాలిపర్ మొత్తం రెండు పిన్నుల మీద జరిగి బయటి ప్యాడుని లాక్కొస్తుంది. పిన్నుల్లో గ్రీజు ఎండిపోయి, మా ఉప్పుగాలికి తుప్పు పట్టి, కాలిపర్ జరగడం మానేసిందా, చాకిరీ అంతా లోపలి ప్యాడు మీద పడుతుంది. రెండు పిన్నుల్లో ఒకటే పట్టేస్తే ప్యాడు ఏటవాలుగా అరుగుతుంది. ఒక చక్రంలో రెండూ సమంగానే అరిగి, రెండో చక్రం వాటికంటే ముందే అయిపోయాయనుకోండి, అది ఇంకో కేసు: పిస్టన్ వెనక్కి రావడం లేదు, లేదా రబ్బరు హోసు లోపల వాచి, తొక్కినప్పుడు వెళ్ళిన ఆయిల్‌ని తిరిగి రానివ్వడం లేదు. ఇవేవీ చూడకుండా కొత్త ప్యాడ్లు వేస్తే అవీ ఆ దారినే పోతాయి. "తేడా ఎక్కడొచ్చిందో చూడకుండా పైన డబ్బు వేస్తే టాలీ అయినట్టేనట్రా?" అంటాడు మావయ్య. ఈ మాట వినీ వినీ, సిగ్నల్ దగ్గర పక్క కారు రిమ్ముల మీద ప్యాడ్లు అరిగి రాలిన పొడి ఎంతుందో చూడ్డం నాకూ అలవాటైపోయింది.

ఆయన కూతురికి పెళ్ళిచూపులు. అబ్బాయి తరఫువాళ్ళు రాజమండ్రి నించి కార్లో వచ్చారు. గొట్టం కాజాలు తింటున్నారు, అమ్మాయిని తీసుకొచ్చే వేళయింది, అమ్మాయి తండ్రి లేడు. చూస్తే వీధిలో, పట్టుపంచె ఎగ్గట్టి, వాళ్ళ కారు పక్కన గొంతుక్కూర్చున్నాడు. ఎడమ ముందు చక్రం రిమ్ము నిండా నల్లటి పొడి, కుడిది శుభ్రంగా ఉంది. లోపలికొచ్చి జీతం అడగలేదు, గోత్రం అడగలేదు. "బాబూ, బండి ఎడమకి లాగుతోందా?" అన్నాడు.

అబ్బాయి తెల్లబోయాడు. "అవునంకుల్! మొన్నే కొత్త ప్యాడ్లు వేయించాను కూడా."

అంతే, జాకీ వచ్చేసింది. ఇస్త్రీ చొక్కాతో అబ్బాయి టార్చి పట్టుకున్నాడు. హోసు మీద బరువు పడకుండా మావయ్య కాలిపర్‌ని తీగతో కట్టి వేలాడదీశాడు. పై పిన్ను సులువుగానే వచ్చింది. కింది పిన్ను కటింగ్‌ప్లయరుతో మెలితిప్పితే గానీ రాలేదు, ఎర్రగా తుప్పు. ఎమెరీ కాయితంతో రుద్ది, తుడిచి, కళ్ళజోడు డబ్బాలోంచి సిలికాన్ గ్రీజు ట్యూబు తీసి పల్చగా రాశాడు. "మామూలు గ్రీజు రాస్తే రబ్బరు బూటు ఉబ్బిపోతుంది బాబూ" అన్నాడు, కాబోయే అల్లుడికి చెప్పాల్సిన మొదటి మాట అదే అయినట్టు. పిన్నుని పెట్టి, ఒక్క వేలితో లోపలికీ బయటికీ ఆడించి చూపించాడు. చక్రం బిగించాక కూడా, పెడల్ పదే పదే తొక్కించి గట్టిపడిందాకా బండిని కదలనివ్వలేదు. అమ్మాయి ఇదంతా కిటికీలోంచి చూసింది. ఆ రోజు పెళ్ళిచూపులంటే అవే.

సంబంధం కుదరలేదు. జాతకాలు కలవలేదని వాళ్ళు కబురంపారు. అబ్బాయి చొక్కాకి అంటిన గ్రీజు వదల్లేదు, అందుకే అంటుంది అత్తయ్య. ఆ అబ్బాయి మాత్రం ఇప్పటికీ మావయ్యకి ఫోన్ చేస్తాడు, ప్యాడ్ల కొలతలు వాట్సాప్‌లో పంపిస్తాడు.

తర్వాత కుదిరిన అల్లుడు బుద్ధిమంతుడే గానీ, ఆయనకున్నది బైకు. దానికి ముందూ వెనకా డ్రమ్ము బ్రేకులే. లోపల షూలు ఎలా అరుగుతున్నాయో విప్పితే గానీ తెలీదు. వచ్చినప్పుడల్లా మావయ్య దాని చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి, "అల్లుడుగారూ, ఓసారి విప్పి చూద్దామా?" అంటాడు. అందుకే సంక్రాంతికి అల్లుడొచ్చే ముందురోజే అత్తయ్య పానాల సంచి బీరువాలో పెట్టి తాళం వేసేస్తుంది.