ఒంటి మీద కొవ్వొత్తి

చర్మం మీద చుక్కలు వేసుకోవడానికి కొవ్వొత్తి కొనేవాళ్లు చూడాల్సిన అంకె ఒక్కటే: ఆ మైనం ఎన్ని డిగ్రీల దగ్గర కరుగుతుందో. డబ్బా మీద ఆ ఒక్కటి తప్ప అన్నీ ఉంటాయి. మల్లె వాసనా, గంధం వాసనా, ఎంతసేపు వెలుగుతుంది, పన్నులతో కలిపి ధరెంత. అనంతపురంలో చిల్లరంగడికి పోయి కరిగే వేడి ఎంతని అడిగితే, “కరెంటు పోతే ఎలుగుకు గదప్పా, ఆ లెక్కలన్నీ యాల నీకు?” అనే జవాబు వస్తుంది. ఎందుకో చెప్పుకోలేని గిరాకీ కాబట్టి బేరం అక్కడితో సరి.

ఒంటి మీద మైనం చుక్కలు వేసుకోవడం ఆలుమగల ఏకాంతపు ఆటల్లో ఒకటి. నఖక్షతాలకూ దంతక్షతాలకూ ప్రకరణాలు రాసిన వాత్స్యాయనుడు మైనపు చుక్కలకు మాత్రం ప్రకరణం కేటాయించలేదు. ఆయన కాలంలో ఉన్న తేనెమైనం 62 డిగ్రీలు దాటితే గాని కరగదు, ఒంటికి అది మహా వేడి. పారఫిన్ 1830లో గాని బయటపడలేదు. అందులోనూ రకాలున్నాయి: మెత్తటిది 46 డిగ్రీల దగ్గరే కరిగితే, గట్టిది 68 దాకా పోతుంది. నిటారుగా నిలబడాలని స్టియరిన్ కలిపిన కొవ్వొత్తి గట్టి రకంలోదే. సోయా మైనం 50కి అటూ ఇటూ. కాబట్టి మెత్తటి పారఫిన్ గానీ, రంగూ వాసనా కలపని సోయా గానీ తీసుకోవాలి.

ఈ ఎంపికకు వైద్యం తోడుంది. కీళ్లవాతం వచ్చిన చేతులను ఫిజియోథెరపీలో మినరల్ ఆయిల్ కలిపిన పారఫిన్‌లోనే ముంచుతారు. దాన్ని 52–54 డిగ్రీల దగ్గర ఉంచుతారు. 60 డిగ్రీల నీళ్లు అయిదు సెకన్లలో చర్మాన్ని కాల్చేస్తాయని 1947లో మోరిట్జ్, హెన్రిక్స్ అనే పరిశోధకులు చూపించారు. మైనం నీళ్లకన్నా నిదానంగా వేడిని వదులుతుంది గాని, ఆ భరోసాతో గట్టి కొవ్వొత్తిని ఒంటి మీదికి వంచడం తెలివైన పని కాదు.

గాజు గ్లాసులో పోసిన కొవ్వొత్తి చూడ్డానికి బాగుంటుంది, వాడటానికి పనికిరాదు. కరిగిన మైనం లోపలే నిలబడి, మంట పక్కన కాగీ కాగీ కరిగే వేడిని దాటిపోతుంది. సన్నటి విడి కొవ్వొత్తినే పట్టుకుని, రెండడుగుల ఎత్తు నుంచి ఒక్కో చుక్కా వదలాలి. ఎత్తు పెరిగేకొద్దీ చుక్క చల్లారుతుంది. మొదటి చుక్క కొవ్వొత్తి పట్టుకున్నవాళ్ల ముంజేతి మీదే పడాలి. న్యాయం కూడా అదే.

ఎండాకాలం ఇక్కడ అసలు చిక్కు. మేలో అనంతపురం 40 డిగ్రీలు దాటుతుంది. 46 దగ్గర కరిగే కొవ్వొత్తి మిద్దె ఇంట్లో మధ్యాహ్నానికే నడుం వంచి నమస్కారం పెడుతుంది. ఫ్యాను వేస్తే మంట ఊగుతుంది, చుక్క అనుకున్నచోట పడదు. ఆపితే ఇద్దరికీ చెమటలు తప్ప సరసం మిగలదు. డిసెంబరు రాత్రి మేలు.

ముందుగా ఒంటికి నూనె పలుచగా పూస్తే మైనం సులువుగా ఊడొస్తుంది. చెనిక్కాయల నూనెకు ఈ జిల్లాలో కరువు లేదు, ఆ కాయ పడనివాళ్లు మాత్రం వేరే నూనె చూసుకోవాలి. ముఖం, వెంట్రుకలున్న చోటు, పుండ్లు, పొక్కులు వదిలేయాలి. చక్కెర జబ్బుతో స్పర్శ తగ్గినవాళ్లూ, తాగినవాళ్లూ ఈ జోలికి రాకూడదు. “చాలు” అంటే ఆగిపోవాలి. కొసరు అడగడానికి ఇది అంగడి కాదు.

కాలితే ప్రథమ చికిత్స ఇరవై నిమిషాలు చల్లటి కుళాయి నీళ్లు. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడే ఊళ్లో కొవ్వొత్తి సంపాదించడం కన్నా ఇది కష్టం. కుళాయి వచ్చే వేళో, ట్యాంకరు వచ్చిన రోజో చూసుకుని మొదలుపెట్టాలి. కనీసం బిందెలు నిండుగా ఉండాలి. టూత్‌పేస్టు, ఐసు, సిరా పుయ్యకూడదు. మైనానికి నిప్పంటుకుంటే నీళ్లు చల్లకూడదు, మంట ఎగజిమ్ముతుంది, మూత బోర్లించాలి.

అయ్యాక ఎండిన మైనాన్ని పాత ఏటీఎం కార్డుతో గీకి చెత్తబుట్టలో వేయాలి. స్నానాల గది తూములో వదిలితే అది లోపల గడ్డకడుతుంది. అప్పుడు ప్లంబరు వస్తాడు, దాన్ని బయటికి తీస్తాడు, ఇదేందని అడుగుతాడు.