ఆటువేళ ఆటవెలది: టీకా తాత్పర్యం

మూలం:
కుక్క తోడ వచ్చి కొంగల నదలించి
ఉప్పు చల్లి గవ్వ నూడ బెరికి
కొలిచి చూచి చిన్న కూనల విడిచియు
పోటు రాక మునుపె పొమ్ము మనుజ

సందర్భం: ఫ్రాన్స్‌కు వాయవ్యాన బ్రిటనీ తీరంలో సముద్రం వెనక్కి తగ్గగానే జనం బకెట్లు పట్టుకుని తడి ఇసుకలోకి దిగుతారు. అక్కడి మాటలో ఇది ‘పేష్ ఆ పియే’, అంటే కాలినడక వేట. ఇంగ్లండ్ నుంచి కుక్కతో సహా సెలవులకు వచ్చినవాడికి చెప్పిన పద్యమిది.

వచ్చి = ఇంగ్లిష్ ఛానల్ దాటి వచ్చి. పద్యంలో రెండక్షరాలు, ఆచరణలో వారాల పని. కుక్కకు మైక్రోచిప్ ఉండాలి. రేబిస్ టీకా మొదటిసారి వేయించాక 21 రోజులు ఆగాలి. 2021 నుంచి బ్రిటన్ ఇచ్చిన పెట్ పాస్‌పోర్టు చెల్లదు గనుక, ప్రయాణానికి ముందు 10 రోజుల లోపల పశువైద్యుడి ఆరోగ్యపత్రం తీసుకోవాలి. తిరుగు ప్రయాణంలో బ్రిటన్ చేరడానికి 24 గంటల కంటే ముందు, 120 గంటలు దాటకుండా బద్దెపురుగుల మందు వేయించాలి. కవి ‘పొమ్ము’ అన్నాడే గాని ఈ మందు మాట ఎత్తలేదు. ఇది న్యూనపద దోషం.

కొంగల = తెల్లకొంగలను. పక్షి పరాయిది కాదు. నల్లని కాళ్లు, పసుపు పాదాలు గల ఈ చిన్న తెల్లకొంగ మన వరిమళ్లలో తిరిగే జాతే. బ్రిటనీ బురదలోనూ అదే పసుపు పాదంతో నీళ్లు కదిపి చేపపిల్లను లేపి పొడుస్తుంది.

అదలించి = బెదరగొట్టి. కొంగలను అదలించినది కుక్కే కదా, యజమానికి దోషమేమిటని పూర్వపక్షం. చెల్లదు. క్త్వార్థక క్రియలన్నిటికీ కర్త ఒక్కడే. వచ్చినవాడు, పెరికినవాడు, పొమ్మనిపించుకున్నవాడు మనుజుడు కాబట్టి అదలించినవాడూ అతడే. తీరంలోనూ ఇదే వ్యాకరణం: కుక్క తప్పు చేస్తే జరిమానా మనిషికే. వేసవిలో చాలా బీచ్‌లలోకి కుక్కలను అసలు రానివ్వరు. వసంతంలో కెంటిష్ ప్లవర్ అనే పిడికెడు పిట్ట గూడు కట్టకుండా, కొట్టుకొచ్చిన నాచు పక్కన ఇసుకలోనే గుడ్లు పెడుతుంది. గుడ్డు ఇసుక రంగులోనే ఉంటుంది. మనిషి కంటికి ఆనదు, కుక్క కాలికి అడ్డు కాదు. అందుచేత ‘తోడ’ అన్నచోట ‘తాడుతో’ అని అన్వయించుకోవాలి.

గవ్వ = ఫ్రెంచివారు ‘కత్తి’ అని పిలిచే పొడవాటి జీవి. ఇసుకలో నిలువుగా దిగి ఉంటుంది. పైన తాళంచెవి రంధ్రం వంటి చిన్న గుంట కనిపిస్తుంది. అందులో చిటికెడు ఉప్పు వేస్తే లోపలి నీటి ఉప్పదనం హఠాత్తుగా పెరిగి, అది ఓర్చుకోలేక తానే పైకి తన్నుకొస్తుంది. ఊడబెరికి అనడం మాత్రం కవి తొందర. గట్టిగా లాగితే కాలు ఇసుకలోనే తెగిపోతుంది. వేళ్ల మధ్య పట్టుకుని, పట్టు సడలేదాకా ఆగి, మెల్లగా తీయాలి. ఈలోగా కుక్క పక్కనే మరో గుంట తవ్వడం మొదలుపెడుతుంది. దానికి ఉప్పు అక్కర్లేదు.

కొలిచి = కొలబద్దతో కొలిచి. కత్తిగవ్వ 10 సెంటీమీటర్లకు, గాలంతో పట్టే సీబాస్ చేప 42 సెంటీమీటర్లకు తగ్గితే విడిచేయాలి. చిన్న కూనలను అనడంలో ద్విరుక్తి లేదు, అక్కడి నియమం అంత కచ్చితం.

పోటు = ఎగబాకే సముద్రం. మోన్ సేన్ మిషెల్ అఖాతంలో పెద్ద పోటునాడు నీటిమట్టం 13 మీటర్లు దాటి కూడా తేడా చూపవచ్చు. పోటు బలాన్ని 20 నుంచి 120 దాకా అంకెతో చెప్పే పట్టికలు ఊరూరా దొరుకుతాయి; అంకె పెద్దదైతే ఇసుక ఎక్కువ తేలుతుంది, నీరూ అంత వేగంగా తిరిగొస్తుంది. అది ఎదురుగా మాత్రమే రాదు. వెనకనున్న కాలువలు ముందు నిండుతాయి. అందుకే రాక మునుపె అన్న పదం ప్రాణప్రదం.

తాత్పర్యం: కాగితాలతో రా, కుక్కను కట్టు, ఉప్పు వెయ్యి, కొలువు, చిన్నవి వదులు, వేళకు వెళ్లు.

పాఠాంతరం: నాలుగో పాదం చివర ‘శునక’ అని కొందరు చదువుతారు. చెప్పిన మాట వినేది అదే గనుక అలా దిద్ది ఉంటారు. పోటు పట్టిక చదవగలిగేది మనిషే గనుక ‘మనుజ’ అన్నదే సాధుపాఠం. ఛందస్సు మాత్రం రెంటికీ సరిపోతుంది. రెండూ మూడేసి లఘువులే.