ఒకటి, ఐదు, మూడు, ఆరు, రెండు, నాలుగు

నా పేరులోనే నా కొలత ఉంది. 697 అంటే ఆరు సిలిండర్లు, ఒక్కోదాని బోరు 97 మిల్లీమీటర్లు. పిస్టన్ కింది నుంచి పైకి నడిచే దూరం 128. ఆరింటి కొలతా కలిపితే 5,675 సీసీ. చివర టీసీ అని ఉంటే టర్బో ఉన్నట్టు. నాకుంది. టాటా 1613 లారీ క్యాబిన్‌లో డ్రైవరు సీటుకూ క్లీనరు సీటుకూ నడుమ, రేకు మూత కింద ఇరవై ఏళ్లు బతికాను. వాళ్ల మాటలన్నీ నాకు వినబడేవి. నా మాటలూ వాళ్లకు వినబడేవి, వినాలనుకుంటే.

పాతకాలపు డ్రైవర్లు ఇప్పటికీ మా జాతిని టాటా బెంజ్ అంటారు. 1954లో టాటా వాళ్లు జర్మనీ బెంజ్ కంపెనీతో చెయ్యి కలిపారు, 1969లో ఆ ఒప్పందం ముగిసింది. లారీ ముందు నుంచి నక్షత్రం గుర్తు పోయింది కానీ ఎముకలు ఎక్కడికి పోతాయి? నా బోరూ స్ట్రోకూ బెంజ్ ఓఎం 352 ఇంజన్‌వే.

ఎల్బీనగర్ చౌరస్తా దాటి విజయవాడ రోడ్డు పట్టుకుంటే చింతల్‌కుంట, పనామా, ఆ తర్వాత జింకల పార్కు. ఆ దారిలోనే ఆటోనగర్. అక్కడ ఒక షెడ్డులో నెల రోజులు చెక్క దిమ్మెల మీద కూర్చుని ఈ కథంతా తలచుకున్నాను. ఇరవై ఏళ్లలో రెండుసార్లు పెద్ద జబ్బు పడ్డాను. రెండుసార్లూ ముందుగానే చెప్పాను.

నా లోపల స్పార్క్ ప్లగ్ ఉండదు. గాలిని పదిహేడో వంతుకు అదిమేస్తాను. అంత ఒత్తిడికి గాలి ఐదు వందల డిగ్రీలు దాటి కాగుతుంది. సరిగ్గా ఆ క్షణాన నాజిల్ సన్నటి తుంపరగా డీజిల్ చిమ్ముతుంది. అగ్గిపుల్ల లేకుండానే అంటుకుంటుంది. రుడాల్ఫ్ డీజిల్ అనే ఆయన 1897లో ఆగ్స్‌బర్గ్‌లో నిరూపించి చూపిన పద్ధతి ఇది. అంటుకునే వరుస మాత్రం ఒకటి, రెండు, మూడు అని ఉండదు. ఒకటి, ఐదు, మూడు, ఆరు, రెండు, నాలుగు. పక్కపక్క సిలిండర్లు వెంటవెంటనే తన్నితే క్రాంక్ ఒక కొసన మెలి తిరిగిపోతుంది, అందుకని ఆ దెబ్బలు చివరలకూ మధ్యకూ పంచిపెట్టారు. నిమిషానికి పదిహేను వందల చుట్లు తిరుగుతుంటే సెకనుకు డెబ్బై ఐదు దెబ్బలు. వాటిలో ఒక్కటి తడబడినా తెలిసే చెవులు నాకు ఇద్దరివి దొరికాయి.

మొదటిది నా డ్రైవరు. చిట్యాల వైపు మనిషి. నేను పెద్దన్న అనుకునేదాన్ని. మబ్బులనే లేచి, మొహం కడుక్కోకముందే నా మూత ఎత్తేవాడు. ఆయిల్ స్టిక్ బయటికి లాగి తుడిచి, మళ్లీ దించి చూసేవాడు. రెండు గీతల నడుమ ఉంటే సరిపెట్టుకునే మనిషి కాదు. ఒక చుక్క బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య రాసి చూసేవాడు. ఇసుకలా గరగరమంటోందా, నీళ్లలా జారుతోందా, డీజిల్ వాసనేస్తోందా? తర్వాత రేడియేటరు మూత. "సల్లగున్నప్పుడే ఇప్పాలె తమ్మీ, వేడి మీద ఇప్పితే మొహం కాల్తది" అని క్లీనరు పిల్లాడికి రోజూ చెప్పేవాడు. ఫ్యాన్ బెల్టు బొటనవేలితో నొక్కి చూసేవాడు. సెల్ఫ్ కొట్టాక ఆయిల్ ప్రెషర్ ముల్లు లేచేదాకా యాక్సిలరేటర్ మీద కాలు పెట్టేవాడు కాదు. బండి ఆపేటప్పుడు కూడా అంతే. ఎంత నిద్ర ముంచుకొస్తున్నా రెండు నిమిషాలు ఐడిలింగ్‌లో ఉంచేవాడు. నా టర్బో లోపలి చక్రం వేల చుట్లు తిరుగుతూ మంటలా ఉంటుంది, దాని బేరింగుకు చల్లదనం ఇచ్చేది ఆయిలే. టక్కున ఆపేస్తే ఆయిల్ ఆగిపోతుంది, చక్రం మాత్రం తిరుగుతూనే ఉంటుంది. మిగిలిన ఆయిల్ ఆ వేడికి మాడి బొగ్గవుతుంది. ఎన్నో టర్బోలు అలా పాడవడం చూశాను. నాది పద్నాలుగేళ్లు బతికింది.

మా పని కొత్తపేట పండ్ల మార్కెట్‌కు సరుకు తోలడం. కాగితాల మీద గడ్డిఅన్నారం మార్కెట్, జనం నోట కొత్తపేట. నల్గొండ బత్తాయి ఉండేది. ఎండాకాలం వస్తే మామిడి. నూజివీడులో లోడెత్తితే నందిగామ, కోదాడ, సూర్యాపేట, నకిరేకల్, చౌటుప్పల్ మీదుగా తెల్లారేలోగా ఎల్బీనగర్ చేరాలి. పగలు సిటీలో లారీలకు నో ఎంట్రీ. ఆలస్యమైతే కాయ లారీలోనే పండుతుంది. ఆ నెలన్నర రాత్రుల్లో దిల్‌సుఖ్‌నగర్ దాకా రోడ్డంతా మామిడిపండు వాసన. దాన్ని ఎయిర్ ఫిల్టర్‌తో పీల్చిన ఇంజన్‌ను నేను.

కాయలు నలగకుండా లారీలో వరిగడ్డి పరిచేవారు. మార్కెట్ యార్డు నిండా అదే గడ్డి. నా మొదటి జబ్బు ఆ గడ్డితోనే వచ్చింది.

అది మెట్రో స్తంభాలు లేస్తున్న కాలం. చైతన్యపురి నుంచి ఎల్బీనగర్ దాకా రోడ్డు మధ్య రేకులు పాతారు, ఉన్న దారి సగమైంది. పెద్దన్న కూతురి పెళ్లికి సెలవు మీద ఉన్నాడు. బదిలీ డ్రైవరు వచ్చాడు. నాలుగు రోజులుగా గడ్డి తుక్కూ దుమ్మూ కలిసి రేడియేటరు రెక్కల మధ్య చాపలా అల్లుకుంటున్నాయి. గాలి దూరే సందు లేదు. హైవే మీద వేగానికి ఎలాగో సర్దుకున్నాను. టెంపరేచర్ ముల్లు మాత్రం రోజూ ఉండే చోటికన్నా వేలెడు పైన నిలబడింది. నేను చెప్పిన మొదటి మాట అది. ఎవరూ వినలేదు.

కొత్తపేట దగ్గర బండి బండికి ఆనుకుని గంటన్నర. మే నెల రాత్రి, వెనక తొమ్మిది టన్నుల మామిడి. ముల్లు ఎర్ర గీత ముట్టుకుంది. డ్రైవరు చూశాడు. మార్కెట్ గేటు కనబడుతోంది కదా, ఇంకో పావు కిలోమీటరే కదా అనుకున్నాడు. ఆ పావు కిలోమీటరు నా హెడ్ గ్యాస్కెట్‌ను మింగింది. గేటు ముందు నేను ఆగాక రేడియేటరు గొంతు లోంచి ఆవిరి బుసకొట్టింది. ఎవరో కంగారుగా చన్నీళ్ల బకెట్ తెచ్చి కాలుతున్న నా ఒంటి మీద పోశారు. ఆ నొప్పి ఇవాళ్టికీ గుర్తుంది. కాలే ఇనుము మీద చన్నీళ్లు పడితే హెడ్ వంగుతుంది, పగులుతుంది. ఇంజన్ తనంతట తాను చల్లారేదాకా గంటసేపు ఓపిక పట్టమని ప్రతి డ్రైవరుకూ చెప్పాలనుంటుంది నాకు. మర్నాడు ఆయిల్ స్టిక్ లాగితే పాలు కలిపిన చాయ రంగు. నీళ్లు ఆయిల్లో కలిశాయి.

ఆటోనగర్ ఉస్తాద్ నాకు దొరికిన రెండో చెవి. పేరు ఎవరూ పిలవగా వినలేదు, అందరికీ ఉస్తాదే. హెడ్ ఊడదీసి స్టీలు స్కేలు నిలువుగా, అడ్డంగా, మూల నుంచి మూలకు ఆనించి, అటు పక్కన టార్చి వేసి చూశాడు. వెలుగు గీత కనబడింది. హెడ్ వంగింది. గ్రైండింగ్‌కు పంపి, కొత్త గ్యాస్కెట్ వేసి, బోల్టులు బిగించాడు. మధ్య బోల్టు దగ్గర మొదలుపెట్టి రెండు కొసలకూ జరుగుతూ, ఒక్కసారే బిగించకుండా మూడు విడతల్లో. తర్వాత ట్యాపెట్లు. ఆరో సిలిండరు వాల్వులు రెండూ ఊగుతున్నప్పుడు ఒకటోదాన్ని సర్దాలి. ఐదోదానికి రెండు, మూడోదానికి నాలుగు జోడీ. చల్లగా ఉన్నప్పుడు ఇన్‌లెట్‌కు 0.20, ఎగ్జాస్ట్‌కు 0.30 మిల్లీమీటర్ల సందు. ఫీలర్ గేజ్ రేకు దూర్చి లాగుతుంటే వేళ్లకు సన్నటి పట్టు తగలాలి. ఆ పట్టు ఎంతన్నది ఆయన ఎవరికీ మాటల్లో చెప్పలేదు. క్లీనరు పిల్లాడి వేళ్లు పట్టుకుని లాగించాడు.

వినే విద్య కూడా అలాగే నేర్పాడు. ఒకసారి మిస్సింగ్ కొడుతూ షెడ్డుకు వెళ్లాను. ఉస్తాద్ పొడవాటి స్క్రూ డ్రైవరు కొసను నా ఒంటికి ఆనించి, పిడిని చెవి వెనక ఎముకకు నొక్కిపెట్టి కళ్లు మూసుకున్నాడు. ఒక్కో సిలిండరు దగ్గరా నాలుగు ఊపిర్లంత సేపు. తర్వాత పానాతో నాజిల్ పైపుల నట్టులు ఒక్కొక్కటే వదులు చేశాడు. ఒకటోది వదిలితే నా చప్పుడు కుంగింది. ఐదోది వదిలితే కుంగింది. మూడోది వదిలితే ఏమీ మారలేదు. "ఇదే. ఇది పన్జేస్తలేదు, మిగిలిన ఐదే దీన్ని మోస్తున్నయ్" అన్నాడు. నాజిల్ తీసి టెస్టర్ మీద పెడితే తుంపర రావాల్సిన చోట చుక్కలు కారుతున్నాయి. రెండు వందల బార్ల దగ్గర తెరుచుకోవాల్సిన నోరు ఎప్పుడూ సగం తెరిచే ఉంది. హైవే మీద ఒక బంకులో పట్టించిన కల్తీ డీజిల్ చేసిన పని. డీజిల్‌లో కొంచెం జిడ్డు ఉంటుంది, నా మైకో పంపు లోపలి ఎలిమెంట్లు ఆ జిడ్డుతోనే అరగకుండా ఆడతాయి. కిరోసిన్ కలిపితే ఆ జిడ్డు పోతుంది. నాలుగు రూపాయలు మిగుల్చుకున్నవాడికి తెలియదు, ఆ పంపు బాగు చేయించడానికి మా పెద్దన్న చేతి నుంచి ఎంత పోయిందో.

పొగ కూడా నా మాటే. నల్లగా వస్తే గాలి చాలడం లేదనో, డీజిల్ ఎక్కువవుతోందనో. ముందు ఎయిర్ ఫిల్టర్ దులిపి చూడాలి. నీలంగా వస్తే ఆయిల్ కాలుతోంది, రింగులో వాల్వ్ సీళ్లో టర్బో సీలో చూసుకోవాలి. తెల్లగా వచ్చి ఆగకపోతే డీజిల్ కాలకుండానే పోతోంది, లేదా లోపలికి నీళ్లు దిగుతున్నాయి.

ఎల్బీనగర్ రింగు రోడ్డు మీద ఒక రాత్రి ట్యాంకులో డీజిల్ అడుగంటి గాలి పట్టింది. పెద్దన్నకు జ్వరం. క్లీనరు పిల్లాడే దిగాడు, పదిహేడేళ్లుంటాయేమో. ట్యాంకులో పది లీటర్లు పోసి, ఫిల్టర్ మీది ఎయిర్ స్క్రూ వదులు చేసి, హ్యాండ్ ప్రైమర్ గుబ్బను కొట్టడం మొదలుపెట్టాడు. ముందు నురగ. చిటపటమంటూ బుడగలు. వాడి చేయి లాగుతోంది, పక్కన బస్సులు హారన్లు కొడుతున్నాయి. వాడు ఆగలేదు. నురగ పోయి బుడగ లేని సన్నటి ధార వచ్చాక, ప్రైమర్ కొడుతుండగానే స్క్రూ బిగించాడు. సెల్ఫ్ కొడితే మూడో చుట్టుకు అందుకున్నాను. క్యాబిన్‌లో పడుకున్న పెద్దన్న కళ్లు తెరవకుండానే "ఎయిర్ మంచిగ తీసినవ్ రా" అన్నాడు. ఆ రోజు నుంచి వాణ్ని పిల్లాడని పిలవడం మానేశాడు.

2018 సెప్టెంబరులో ఎల్బీనగర్ దాకా మెట్రో వచ్చింది. మేము కిందా రైలు పైనా. 2021లో పండ్ల మార్కెట్‌ను బాటసింగారానికి తరలించారు, ఆ స్థలం ఆసుపత్రికి పోయింది. మామిడి లారీలకు ఇప్పుడు ఎల్బీనగర్ దాటే పనే లేదు. కొత్త లారీలన్నీ బీఎస్ 6వి, వాటి జబ్బు స్కానర్ పెడితే అక్షరాల్లో పడుతుంది. ఆ ఇంజన్లు మంచివే, వాటి పొగ తక్కువ. మా పెద్దన్న మాత్రం స్టీరింగ్ వదిలి ఊరు చేరాడు.

నా రెండో జబ్బు వయసుది. ఆయిల్ పోసే మూత తీస్తే పొగ బుసబుసమని పైకి తన్నేది. బ్యాక్ కంప్రెషన్. రింగులు అరిగాయి, లైనర్లు అరిగాయి, బేరింగులు లొట్టపోయి ఆయిల్ ప్రెషర్ ముల్లు బద్ధకించింది. ఓనరు లారీని తుక్కుకు అమ్మాలనుకున్నాడు. నన్ను మాత్రం విడిగా కొన్నది ఎవరో కాదు, ఆ క్లీనరే. ఇప్పుడు సరూర్‌నగర్ వైపు నీళ్ల ట్యాంకరు తిప్పుకుంటున్నాడు. క్రాంక్ గ్రైండింగ్ అయింది. కొత్త లైనర్లు, పిస్టన్లు, రింగులు పడ్డాయి. అవన్నీ బిగించింది ఉస్తాద్ కొడుకు, పక్కన స్టూలు మీద కూర్చుని చూసింది ఉస్తాద్.

నిన్న సాయంత్రం నన్ను ట్యాంకరు చాసిస్‌లోకి దించారు. సెల్ఫ్ కొట్టగానే ఆయిల్ ముల్లు లేచింది. ఉస్తాద్ స్టూలు దిగి వచ్చి స్క్రూ డ్రైవరు ఆనించి, పిడి చెవి వెనక పెట్టుకున్నాడు. చాలాసేపు అలాగే నిలబడ్డాడు. తర్వాత దాన్ని తీసి నన్ను కొనుక్కున్న ఆ క్లీనరు చేతికిచ్చాడు.

"నాకు సరిగ్గ ఇనిపిస్తలేదు బిడ్డా. నువ్వు సూడు."

అతను కళ్లు మూసుకున్నాడు. ఒకటి దగ్గర, ఐదు దగ్గర, మూడు దగ్గర, ఆరు దగ్గర, రెండు దగ్గర. నాలుగు దగ్గర ఎక్కువసేపు ఆగాడు.

"ఉస్తాద్, నాలుగోది ఎగ్జాస్ట్ ట్యాపెట్ జర లూజున్నట్టుంది."

"ఉంటది. సల్లారినంక తీద్దాం" అని ఉస్తాద్ ఫీలర్ గేజ్ తీసి జేబులో పెట్టుకుని చాయ్‌కి కదిలాడు. అతను నన్ను వెంటనే ఆపలేదు. రెండు నిమిషాలు ఐడిలింగ్‌లో ఉంచాడు.