మజ్జిగకు కోరం

మా కమిటీలో ఏడుగురం. సొసైటీల చట్టం ప్రకారం సంఘం రిజిస్టరు కావాలంటే కనీసం ఏడుగురుండాలి. ఆరుగురితో అయ్యేదుంటే నన్ను పిలిచేవాళ్లు కాదు. మా పని ఒక్కటే: ఒంటిమిట్ట కోదండరాముడి కల్యాణం నాడు కడప-రేణిగుంట రోడ్డు పక్కన పందిరేసి, వచ్చే జనానికి మజ్జిగ పోయడం.

కొన్నేళ్లపాటు మా మీటింగులన్నీ టీ అంగడి బల్ల మీదే జరిగిపోయాయి.

"ఏమబ్బీ, ఈసారి పెరుగెంత తెప్పిద్దాం?"

"పోయినసారి సాల్లేదు గదన్నా. ఇంకో రెండు క్యాన్లు ఎక్కువ చెప్పు."

అంతే. టీ చల్లారేలోపు తీర్మానం అయిపోయేది. టీ డబ్బులు ఎవరివ్వాలన్న దాని మీదే కాస్త చర్చ.

అప్పుడొచ్చారు సారు, మా కొత్త సెక్రటరీ. రిటైరైన మనిషి, చంకలో సభలు నడిపే పద్ధతులు చెప్పే రాబర్ట్స్ రూల్స్ పుస్తకం. మొదటి మీటింగులోనే పెరుగు మాటెత్తిన కోశాధికారిని ఆపేశారు. "లేచి నిలబడి, అధ్యక్షుల అనుమతితో ప్రతిపాదించు నాయనా." మోకాళ్ల నొప్పుల మనిషి, గోడ పట్టుకుని లేచాడు. "పెరుగు తేవాల" అన్నాడు. "ఎవరైనా బలపరుస్తున్నారా?" ఎవరూ పలకలేదు. బలపరిచినోళ్లే డబ్బు కూడా కట్టాలేమోనని మా భయం. మజ్జిగ పందిరికి పెరుగు ప్రతిపాదన అట్లా వీగిపోయింది.

తర్వాత సరుకుల జాబితాలో నిమ్మకాయల పక్కన కరివేపాకు చేర్చాలని ఒకరు సవరణ పెట్టారు. కరివేపాకుకు ముందు 'కడిగిన' అని చేర్చాలని ఆ సవరణకు ఇంకో సవరణ. ఓట్లు మూడు, మూడు. నిర్ణాయక ఓటు వేయాల్సిన అధ్యక్షులు కునుకు తీస్తున్నారు.

ఇక లాభం లేదని ఆ పుస్తకం సంగతేంటో నేనే చదివాను. హెన్రీ రాబర్ట్ అమెరికా సైన్యంలో ఇంజనీరు. 1863లో ఒక చర్చి సభకు అధ్యక్షత వహించమంటే, నడపడం చేతగాక సభ రచ్చరచ్చ అయిందట. ఆ అవమానంతో పట్టుబట్టి చదివి, 1876లో పుస్తకం అచ్చేయించాడు. అరుపులు మాన్పడానికి పుట్టిన పుస్తకం మా దగ్గరకొచ్చి మాటలే మాన్పించింది. అసలు తమాషా ఏంటంటే, డజను మందికి మించని చిన్న బోర్డులకు ఇప్పటి కూర్పులో వేరే పద్ధతే ఉంది. లేచి నిలబడక్కర్లేదు, బలపరచక్కర్లేదు, ప్రతిపాదన లేకుండానే మాట్లాడుకోవచ్చు, అధ్యక్షుడూ నోరు విప్పవచ్చు, అందరితోపాటు ఓటు వేయవచ్చు. మా టీ అంగడి పద్ధతే కదా!

ఆ పేజీ సారుకు చూపించాను. "ఇది అజెండాలో లేదు" అన్నారు.

సారును పూర్తిగా తప్పుపట్టలేను. ఆయన రాకముందు చందాల డబ్బు కోశాధికారి ఒక జేబులో, సొంత డబ్బు ఇంకో జేబులో ఉండేవి. ఏ జేబు ఏదో అతనికే అనుమానం. రసీదు పుస్తకం, మినిట్సు సారు పుణ్యమే. డబ్బు దగ్గర నిబంధన గట్టిగా ఉండాల్సిందే. ఇద్దరు కూర్చుని సంఘం సొమ్ము ఖర్చు పెట్టకుండా కోరమూ ఉండాల్సిందే. కానీ కరివేపాకు కడగడానికి కూడానా? ఈ ఒంటిమిట్ట గుడి కోసమే వావిలికొలను సుబ్బారావు గారు టెంకాయ చిప్ప పట్టుకుని ఊరూరా బిచ్చమెత్తారు. ఆయనకు కోరం ఒక్కరే, బలపరిచింది చిప్ప. ఇక్కడి కల్యాణం రాత్రి వెన్నెల్లో జరిగేది కూడా, పగటి పెళ్లి తాను చూడలేకపోతున్నానని చంద్రుడు మొరపెట్టుకుంటేనట. ఆ మొరను బలపరిచేదెవరని రాముడు అడిగినట్టు నేనైతే వినలేదు.

కల్యాణం రోజు మధ్యాహ్నం సారు అత్యవసర సమావేశం పిలిచారు. కోరం నలుగురు, వచ్చింది ముగ్గురు. మిగతా నలుగురం పందిట్లో మజ్జిగ చిలుకుతున్నాం. సమావేశం వాయిదా వేసి సారు చెమటలు కక్కుకుంటూ పందిట్లోకి వచ్చి, రెండు గ్లాసులు గటగటా తాగి, మూడోది అడిగారు.

మూడు రోజుల తర్వాత మినిట్సు చూశాను. పెరుగు కొనుగోలుకు ఆమోదం అని రాసుంది. 'బలపరిచినవారు' అన్న చోట సారు సొంత సంతకం.