సింగపూర్‌లో బుద్ధిమంతుడు, రైవాడలో బాహుబలి

దేవరాపల్లి నుంచి సింగపూర్ బయల్దేరే బాబులూ, కాస్త చెవొగ్గండి. విశాఖ నుంచి నేరుగా విమానముంది. ఆ విశాఖ చేరే బస్సు ఎప్పుడొస్తుందని మాత్రం అడక్కండి. అమ్మ సంచిలో కుక్కిన గసగసాల పొట్లం తీసి ఇంట్లోనే పెట్టేయండి. మన కోడికూరకు చిక్కదనమిచ్చే ఆ గింజలు అక్కడ నిషిద్ధ సరుకు. చూయింగ్ గమ్ అమ్మకాలు 1992లోనే బంద్. ఫోన్ ఛార్జర్‌కు చదరపు మూడు కాళ్ల అడాప్టర్ కొనుక్కోండి. మెట్రోలో మంచినీళ్లు తాగినా జరిమానాయే, 500 డాలర్ల దాకా!

ఇవన్నీ మనవాళ్లు ఇట్టే వంటబట్టించుకుంటారు లెండి. ఖాళీ సీసా పట్టుకుని చెత్తబుట్ట కోసం వీధులన్నీ తిరుగుతారు. గీత దాటరు, ఉమ్మెయ్యరు. అత్తారింట్లో కొత్తల్లుడు కూడా అంత ఒద్దికగా ఉండడు.

తిరిగొచ్చిన ఆదివారం మన దేవరాపల్లి దగ్గరి రైవాడ రిజర్వాయర్ గట్టు మీద పిక్నిక్. బిర్యానీ పొట్లాలు, ప్లాస్టిక్ గ్లాసులు, సీసాలు... అన్నీ శారదా నదీమతల్లికి సమర్పయామి. విశాఖ నుంచి కార్లలో దిగే పెద్దమనుషులూ తక్కువ తినలేదు. ఆ జలాశయం నీళ్లే వాళ్లింటి కుళాయిలకూ వెళ్తాయని గుర్తుండదు పాపం.

సింగపూర్ వాడేసిన నీటిని శుద్ధిచేసి ‘న్యూవాటర్’ పేరుతో 2003 నుంచి మళ్లీ వాడుకుంటోంది. మనవాళ్లకు అంత యంత్రాంగమెందుకు? మంచినీళ్లనే ముందుగా మురుగు చేసి పంపిస్తున్నారు.