ముందు ఎర్తు చూడు

పెట్రోలు మీటరు ముల్లూ, టెంపరేచరు మీటరు ముల్లూ రెండూ కలిసి పైకి లేచి ఆ చివర ఆనుకున్నాయంటే ఏమిటర్థం? ట్యాంకు నిండిందనీ, ఇంజను కాలిపోతోందనీ కాదు. డ్యాష్‌బోర్డు వెనక ఉన్న ఒక చిన్న రేకు డబ్బీకి ఎర్తు పోయిందని. మా రోజుల్లో ఇంగ్లీషు స్పోర్ట్స్ కారు పెట్టుకున్న ప్రతివాడికీ ఈ సంగతి తెలుసు. ఇవాళ ఒక కుర్రాడితో ఇదే చెబితే "స్కాన్ చేశారా అంకుల్?" అంటాడు. స్కాన్ చేయడానికి ఆ బండిలో చోటెక్కడుంది నాయనా? అది ఎంజీబీ.

తెలియనివాళ్ళకు చెబుతాను. ఎంజీబీ అంటే ఇంగ్లండులో ఆబింగ్డన్ అనే ఊళ్ళో 1962 నుంచి 1980 దాకా తయారైన బుల్లి బండి. ఐదు లక్షల పైచిలుకు చేశారు. వాటిలో చాలా భాగం అమెరికాకే వచ్చాయి. డెబ్బైల్లో ఈ న్యూజెర్సీకి వచ్చిపడ్డ నాలాంటివాళ్ళకు కొత్త కారు కొనే తాహతు లేదు గానీ, ఎవరో విసుగెత్తి వదిలించుకుంటున్న ఎంజీబీ మాత్రం చవగ్గా దొరికేది. వాళ్ళకు విసుగు పుట్టించేది ఇంజను కాదు, కరెంటు. లైట్లు, మీటర్లు, స్విచ్చులు అన్నీ చేసిన లూకస్ కంపెనీ మీద అమెరికా వాళ్ళు బోలెడు జోకులు కట్టారు. కంపెనీ పెట్టిన జోసెఫ్ లూకస్‌కు చీకటి రాజ్యానికి యువరాజని బిరుదు కూడా తగిలించారు. ఆ జోకుల్లో సగం అన్యాయం. తప్పు చాలావరకు తుప్పుది. ఈ దేశంలో చలికాలం రోడ్ల మీద చల్లే ఉప్పుకు ఏ తీగ మాత్రం ఆగుతుంది?

నాకు మాత్రం ఆ బండి బానెట్ ఎత్తగానే ప్రాణం లేచొచ్చింది. లోపల ఉన్నది మన అంబాసిడర్ చుట్టమే. అంబాసిడర్‌ది 1489 సీసీ, దీనిది 1798 సీసీ. రెండూ బీఎంసీ వాళ్ళ బీ-సిరీస్ ఇంజన్లు. బెజవాడలో టాక్సీ స్టాండు పక్కన పెరిగినవాడికి వేరే పరిచయాలెందుకు?

ఆ స్టాండు దగ్గర షెడ్డులో ఆటో ఎలక్ట్రీషియన్ ఒకాయన ఉండేవాడు. ఆయన పెట్టుబడంతా ఒక హోల్డరు, అందులో చిన్న బల్బు, రెండు తీగలు, వాటి చివర రెండు క్లిప్పులు. ఒక క్లిప్పు బాడీకి పట్టించి, రెండోదానితో బ్యాటరీ దగ్గర్నుంచి మొదలుపెట్టేవాడు. ఫ్యూజు దాకా కరెంటు వచ్చిందా, వచ్చింది. స్విచ్చు దాకా? వచ్చింది. స్విచ్చు దాటాక? ఎక్కడ బల్బు ఆరిపోతే అంతకుముందు అడుగులోనే జబ్బు. పని మొదలుపెట్టేముందు మాత్రం "ముందు ఎర్తు చూడు" అనేవాడు. పక్కన ఎవరూ లేకపోయినా అనేవాడు. ఇంజనీరింగ్ కాలేజీలో కూడా నాకు ఇంతకంటే పనికొచ్చే ముక్క ఎవరూ చెప్పలేదు.

ఇంతకీ ఆ రేకు డబ్బీ సంగతి. బ్యాటరీ ఓల్టేజి ఒక్క చోట నిలబడదు. ఇంజను ఆగి ఉంటే పన్నెండు, తిరుగుతుంటే పద్నాలుగు దాకా పోతుంది. దాన్ని తిన్నగా మీటర్లకు ఇస్తే యాక్సిలరేటర్ తొక్కినప్పుడల్లా ట్యాంకులో పెట్రోలు పెరిగినట్టు కనిపిస్తుంది. అందుకని మధ్యలో ఓల్టేజి స్టెబిలైజర్ పెట్టారు. అందులో ఉన్నది రెండు లోహాలు అతికించిన ఒక చిన్న బద్ద, దాని చుట్టూ సన్నటి తీగ. తీగ వేడెక్కితే బద్ద వంగి కరెంటు తెగుతుంది, చల్లారితే మళ్ళీ అతుక్కుంటుంది. పాలు పొంగకుండా మా అమ్మ పొయ్యి పెంచుతూ తగ్గిస్తూ ఉన్నట్టు, అది తెగుతూ అతుకుతూ సగటున పది ఓల్టులు అందిస్తుంది. మీటరు లోపల కూడా అలాంటి బద్దే. దానికి వేడెక్కడానికి టైము పడుతుంది కాబట్టి ఈ తెగడం, అతకడం ముల్లుకు తెలియదు. తాళం తిప్పగానే ముల్లు తాపీగా లేచేది. మలుపులో ట్యాంకులో పెట్రోలు అటూ ఇటూ ఊగినా ముల్లు ఊగేది కాదు.

ఆ డబ్బీకి ఎర్తు దాన్ని బిగించిన మర లోంచే వెళుతుంది. మర కింద తుప్పు పట్టిందా, లోపలి తీగ వేడెక్కదు, బద్ద వంగదు, పూర్తి ఓల్టేజి మీటర్ల మీద పడుతుంది. రెండు ముళ్ళూ ఆకాశానికి. మర విప్పి, ఎమెరీ పేపరుతో నాలుగు రుద్దులు రుద్ది, మళ్ళీ బిగిస్తే రిపేరు అయిపోయినట్టే. ఇప్పటి కుర్రాళ్ళు ఏం చేస్తారంటే, ముందు పెట్రోలు మీటరు కొత్తది తెప్పిస్తారు. తర్వాత టెంపరేచరు మీటరు. ఆ తర్వాత ట్యాంకులో పెట్రోలు మట్టం పసిగట్టే సెండరు. చివరికి వైరింగు మొత్తం. క్రెడిట్ కార్డు అరిగిపోతుంది గానీ ఆ మర మాత్రం అలాగే ఉంటుంది.

రెండూ కలిసి లేస్తే ఎర్తు. రెండూ కలిసి పడుకుంటే, ఇండికేటర్లూ బ్రేకు లైట్లూ కూడా పోయాయేమో చూడు. పోతే ఫ్యూజు, పోకపోతే డబ్బీ. ఒక్కటే తప్పు చూపిస్తే ఆ మీటరుదో, దాని సెండరుదో తప్పు. ఇంత మాత్రం సీట్లోంచి లేవకుండానే తేల్చొచ్చు. పెట్రోలు మీటరైతే ట్యాంకు దగ్గర ఆకుపచ్చ మీద నల్ల గీత ఉన్న వైరు ఊడదీయాలి. ముల్లు సున్నాకు పడాలి. అదే వైరును బాడీకి తాకిస్తే ముల్లు పూర్తిగా లేవాలి. లేచిందంటే మీటరూ వైరూ బంగారం, సెండరు చచ్చింది. ఎక్కువసేపు తాకించి ఉంచకూడదు, మీటరు లోపలి తీగ కాలిపోతుంది. ఇది పెట్రోలు ట్యాంకు పక్కన చేసే పని కాబట్టి సిగరెట్టు కాల్చేవాళ్ళు దూరంగా ఉండాలని కూడా రాయాల్సి వస్తోంది, కాలం అలా ఉంది. సెండరు విప్పాక దాని తేలుడు బుడ్డిని చెవి దగ్గర పెట్టి ఊపి చూడాలి. లోపల గలగలమంటే దానికి చిల్లు పడి పెట్రోలు దూరినట్టు. మునిగిపోయిన బుడ్డి ట్యాంకు నిండా ఉన్నా ఖాళీ అనే చెబుతుంది.

వైరు రంగులన్నాను కదా, అదొక వైభోగం. గోధుమ రంగైతే బ్యాటరీ నుంచి తిన్నగా, ఫ్యూజు లేకుండా. తెల్లదైతే ఇగ్నిషన్. ఆకుపచ్చైతే ఇగ్నిషన్ దాటి ఫ్యూజు గుండా వచ్చింది. ఊదా ఎప్పుడూ కరెంటుండేది, ఫ్యూజుతో. నలుపు ఎర్తు. ఇవి వస్తే సగం రోగం చూపుతోనే దొరుకుతుంది. ఇప్పుడు మధ్యలో ఎవడో పసుపూ గులాబీ తీగలు జొప్పించి, నల్ల టేపు చుట్టి అమ్ముతున్నాడు. టేపు విప్పితే చేతికి జిగురు తప్ప ఏమీ రాదు.

ఫ్యూజుల విషయంలో ఇక్కడివాళ్ళు చేసే అఘాయిత్యం ఇంకొకటుంది. లూకస్ గాజు ఫ్యూజు మీద 35 అని ఉంటుంది. అంటే 35 ఆంపియర్లకు పేలిపోతుందని. నిలకడగా మోసేది 17 మాత్రమే. అమెరికా ఫ్యూజు మీద 35 అంటే ఆ 35 నూ హాయిగా మోస్తూ కూర్చుంటుంది. అంకె కలిసింది కదా అని అది తెచ్చి పెడితే, షార్టయినప్పుడు ఫ్యూజు పదిలంగా ఉంటుంది, వైరింగు మాత్రం పొగవుతుంది. ఇక 1967 దాకా వచ్చిన ఎంజీబీల్లో బాడీకి తగిలించింది బ్యాటరీ ప్లస్సు. ఈ మాట చెబితే కుర్రాళ్ళు నా వయసు అడుగుతారు. అడిగి, వెళ్ళి కొత్త రేడియో మామూలుగా బిగిస్తారు.

తొలి ఎంజీబీల టెంపరేచరు మీటరుకు కరెంటే లేదు. ఇంజనులో దిగే ఒక బుడ్డి, దాన్నుంచి మీటరు దాకా సన్నటి రాగి గొట్టం, లోపల ఈథర్. నీళ్ళు వేడెక్కితే ఈథర్ ఆవిరి ఒత్తిడి పెరిగి ముల్లును తోస్తుంది. గొట్టం ఒక్కచోట విరిగితే ఈథర్ పోయి మీటరు మూగబోతుంది. పారేయడమేనా? మా రోజుల్లో పారేయడం అనే మాటుండేదా? ఇంకో చవక మీటరు కొని, దాని బుడ్డిని ఐసు, ఉప్పు కలిపిన గిన్నెలో ముంచి, లోపలి ఈథర్ ఆవిరి కాకుండా చల్లబరిచి, దాని గొట్టం కోసి, పాత మీటరు గొట్టానికి సన్నగా సోల్డర్ పెట్టి అతికించేవాళ్ళం. ఈథర్ 35 డిగ్రీల లోపే మరుగుతుంది. బెజవాడ ఎండాకాలంలో సీసా మూత తీస్తే చాలు. పైగా భగ్గున మండే సరుకు. మంట దరిదాపుల్లో ఉండకూడదు, గిన్నె వేడెక్కకూడదు, చెయ్యి వణక్కూడదు. ఆ మీటరు మళ్ళీ పనిచేస్తే వచ్చే పొగరు ఏ ప్రమోషన్‌తోనూ రాదు.

నాకు నిజంగా ఒళ్ళు మండేది చెడిపోయిన మీటర్ల మీద కాదు, నటించే మీటర్ల మీద. మజ్దా మియాటా 1989లో వచ్చినప్పుడు అందులో ఆయిల్ ప్రెషర్ మీటరు నిజంగా ప్రెషర్ చూపించేది. ఇంజను వేగాన్ని బట్టి ముల్లు ఎక్కేది, దిగేది. ఆయిల్ వేడెక్కి పల్చబడితే ఐడిలింగులో ముల్లు కిందికి వచ్చేది. 1995 నుంచి అదే చోట పెట్టింది వట్టి స్విచ్చుకు తగిలించిన ముల్లు. కాస్త ప్రెషర్ ఉంటే చాలు, మధ్యలోకి వచ్చి కూర్చుంటుంది. టెంపరేచరు మీటర్లు చాలా బండ్లలో ఇంతే. నీళ్ళు కాస్త వేడెక్కినా, బాగా వేడెక్కినా ముల్లు నడిమధ్యే. యజమానికి కంగారు పుట్టకూడదట. నిజంగా కదిలిందంటే అప్పటికే ఆలస్యం. అప్పట్లో ముల్లు తప్పు చెప్పినా చేతకాక చెప్పేది. ఇప్పుడు కావాలనే తప్పు చెప్పిస్తున్నారు.

కొత్తదంతా చెత్త అనను. 7810 అని పది ఓల్టుల చిప్పొకటి దొరుకుతుంది, పల్లీల ఖరీదు. దాన్ని ఆ రేకు డబ్బీలోనే సోల్డర్ చేసి దాచేస్తే పాత బద్ద కంటే నిలకడ. నేనూ పెట్టాను. దానికీ ఎర్తు కావాలన్నది వేరే విషయం.

మా అమ్మాయి కొడుక్కి ఒక రెండు సీట్ల బండి ఉంది. ఏ కంపెనీదో చెప్పను, బంధుత్వాలు చెడతాయి. దాని రేడియేటర్ ఫ్యాను ఇంజను చల్లగా ఉన్నా తిరుగుతూనే ఉంది, ఇంజను లైటు వెలుగుతోంది. 1996 నుంచి అమెరికాలో అమ్మే కార్లన్నిటికీ ఒకే రకం సాకెట్ ఉండాలని రూలు కదా, వాడు స్కానర్ పెట్టాడు. పీ0118 వచ్చింది. టెంపరేచరు సెన్సరు సర్క్యూట్లో ఓల్టేజి ఎక్కువ అని. వాడు సెన్సరు కొని మార్చాడు. ఫ్యాను తిరుగుతూనే ఉంది. ఇంకో కంపెనీ సెన్సరు మార్చాడు. ఉహూ.

"సెన్సరు పోయిందని కోడ్ చెప్పింది కదా తాతయ్యా!"

"సర్క్యూటని చెప్పిందిరా. సర్క్యూట్లో వైర్లుండవూ?"

సెన్సరు ప్లగ్గు ఊడదీయించి, దాని రెండు పిన్నుల మధ్య ఒక పేపర్ క్లిప్పు వంచి పెట్టించాను. వైర్లు బాగుంటే స్కానర్‌లో టెంపరేచరు ఒక్కసారిగా ఆకాశానికి లేవాలి. ఎంజీబీ ట్యాంకు దగ్గర వైరు బాడీకి తాకించడమూ ఇదీ ఒక్కటే. అంకె కదల్లేదు. అంటే సెన్సరు నిర్దోషి. వైరు వెంట వేళ్ళతో తడుముకుంటూ పోతే ప్లగ్గుకు జానెడు దూరంలో, పైకి ప్లాస్టిక్ బాగానే ఉండి, లోపల రాగి పచ్చగా పొడైపోయింది. కోసి అతికించాడు. ఫ్యాను ఆగింది.

బల్బూ క్లిప్పుల టెస్ట్ ల్యాంపు వాడికి ఇవ్వలేదు. కంప్యూటర్ తీగల మీద ఆ బల్బు పెడితే ఏం కాలుతుందో చెప్పలేం; మల్టీమీటరు కొనుక్కోమన్నాను. కొనుక్కున్నాడు. ఇప్పుడు నా ఎంజీబీ తాళం అడుగుతున్నాడు. పొద్దున్నే చోక్ ఎంత లాగాలో, ఎప్పుడు లోపలికి నెట్టాలో నేర్చుకున్నాక చూద్దాంలే అన్నాను.

"యూట్యూబులో ఉంటుందిలే తాతయ్యా" అన్నాడు.