కొండకొమ్మున కాపుకాశాను

నేను దష్కాని, 12.7 మిల్లీమీటర్ల భారీ మెషిన్‌గన్‌ని. నా నమూనా 1938లో సోవియట్ సైన్యంలో చేరింది. దాన్ని చూసి చైనా చేసిన నకలుని నేను. పాకిస్థాన్ మీదుగా, కంచరగాడిద వీపున అఫ్గానిస్తాన్ చేరాను. తీరా అక్కడ నేను తలపడింది నా నమూనాకు పుట్టినిల్లయిన సోవియట్ యూనియన్ హెలికాప్టర్లతోనే.

1979 డిసెంబరులో సోవియట్ సేనలు దిగాయి. సరైన దారుల్లేని ఆ లోయల్లో వారికి పెద్ద అండ హెలికాప్టర్లే. అందులోనూ ఎంఐ-24 అంటే ఊళ్లు వణికేవి. కింది నుంచి రైఫిల్‌తో కాలిస్తే దాని కవచానికి గీత పడేది, అంతే.

అందుకే సోవియట్ సేనలతో పోరాడే ముజాహిదీన్లు నన్ను కొండకొమ్ముకు ఎక్కించారు. నా ఒంటి బరువే 34 కిలోలు. స్టాండూ తూటాల పెట్టెలూ వేరు. విడదీసి, గాడిదలు ఎక్కలేని చోట భుజాన మోసి, రాళ్ల నడుమ గుంట తవ్వి నిలబెట్టారు. ఒకరు నా వెనకున్న రెండు పిడులూ పట్టుకుంటే, పక్కవారు తూటాల పట్టీ మెలిపడకుండా అందించేవారు. లోయలోకి దూరిన హెలికాప్టర్ వీపు మాకు కింద కనబడేది. కవచం పలచనైన పైభాగానికే మా గురి. అది ఎగిరే వేగాన్ని లెక్కేసి, కాస్త ముందుకు కాల్చాలి.

కాల్చామా, మా చోటు తెలిసిపోయేది. వెనకొచ్చే రెండో హెలికాప్టర్ రాకెట్లు కురిపించేది. నన్ను విప్పి మోసుకుపోయేంత వ్యవధి దొరికేది కాదు. నా పిడులు పట్టినవారిలో ఎందరో నా పక్కనే ఒరిగారు.

1986 సెప్టెంబరు 25న జలాలాబాద్ దగ్గర, అమెరికా ఇచ్చిన స్టింగర్ క్షిపణులు తొలిసారి హెలికాప్టర్లను కూల్చాయి. భుజం మీంచి పేల్చితే ఇంజను వేడిని పసిగట్టి తరిమే ఆయుధం అది. పైలట్లు ఆ క్షిపణిని ఏమార్చే మంటలు వదిలారు, రాత్రిపూట ఎగిరారు, ఎత్తు పెంచారు. ఎత్తు పెరిగేకొద్దీ కిందున్న లక్ష్యాలపై వారి గురి తప్పింది. పేరంతా స్టింగర్‌కు దక్కింది. అంతకుముందు ఏళ్ల తరబడి ఆ లోయలను కాచింది మేమూ, మమ్మల్ని మోసిన భుజాలూ.

1989 ఫిబ్రవరి 15న సోవియట్ సేనలు పూర్తిగా వెళ్లిపోయాయి. మిగిలిన స్టింగర్లను డబ్బిచ్చి వెనక్కి కొనేందుకు అమెరికా ప్రయత్నించింది. మమ్మల్ని మాత్రం ఎవరూ అడగలేదు. 1992 తర్వాత కాబూల్ కోసం ముజాహిదీన్ వర్గాలే కొట్టుకున్నప్పుడు, మా తూటాలు అఫ్గాన్ల ఇళ్లలోకే దూసుకుపోయాయి. ఆయుధం పంచిపెట్టే దేశాలే దాన్ని తిరిగి తీసుకునే బాధ్యతా మోయాలి. అది మోయలేనివారు పంచకూడదు.